సుగ్గికి, అంటే కూలి పనుల వలసకు, పోయే ఊళ్లలో హైస్కూలు పిల్లలకు చదవడం ఎందుకు రావట్లేదు, ఎక్కడ మొదలుపెట్టాలి?

కర్నూలు జిల్లా ఆదోని వైపు జడ్పీ హైస్కూల్లో ఈ మధ్యే చేరిన టీచరుగారు అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది. ఏడో తరగతి రోల్‌లో 58 మంది ఉన్నారు. అందులో సగం మందికి రెండో తరగతి తెలుగు పాఠం కూడా చదవడం రావట్లేదు. దీపావళి దాటాక క్లాసు సగం ఖాళీ అవుతుందని తోటి టీచర్లు చెబుతున్నారు. పైనుంచేమో పదో తరగతి ఫలితాలు పెరగాలని ఒత్తిడి. ఎక్కడ మొదలుపెట్టాలి?

హాజరు పట్టీతో మొదలుపెట్టండి, పాఠ్యపుస్తకంతో కాదు. మీ స్కూలుకు పిల్లలు వచ్చే ప్రైమరీ స్కూళ్ల నుంచి ఈ పిల్లల 1, 2, 3 తరగతుల రిజిస్టర్లు తెప్పించుకుని, ఒక్కొక్కరికి నెలవారీగా ఎన్ని రోజులు వచ్చారో ఒక కాగితం మీద వేయండి. చదవడం రానివాళ్లలో ఎక్కువమందికి డిసెంబరు నుంచి మార్చి దాకా గళ్లు ఖాళీగా కనిపిస్తాయి. ఒకటో తరగతిలో జూన్‌లో మొదలైన అక్షరాలు నవంబరు దాకా నడుస్తాయి. గుణింతాలు, ఒత్తులు గట్టిగా చెప్పే నెలలకు పిల్లాడు అమ్మానాన్నలతో మిరప చేలో ఉంటాడు. తిరిగొచ్చేసరికి స్కూలు ముగింపుకొస్తుంది, జూన్‌లో రెండో తరగతిలో కూర్చుంటాడు. మూడేళ్లు ఇలా గడిస్తే అక్షరం గుర్తుపట్టి, పదం దగ్గర ఆగిపోయే పిల్లాడు తయారవుతాడు. లెక్కల్లోనూ అంతే, అప్పు తెచ్చుకునే తీసివేతలు కూడా ఆ నెలల్లోనే వస్తాయి. వీళ్లను మందబుద్ధులని, 'సి గ్రేడు' అని పిలవడం అన్యాయం. వీళ్లు తప్పిపోయింది కొన్ని నిర్దిష్టమైన పాఠాలు. అవి ఏవో తెలుసు కాబట్టి తిరిగి చెప్పడం సాధ్యమే.

కొత్తవారు కాబట్టి ఈ ప్రాంతం గురించి రెండు మాటలు. కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు, మంత్రాలయం, హొళగుంద, హాలహర్వి, ఆస్పరి, దేవనకొండ... ఈ పడమటి మండలాల్లో చాలా భూమి వానాధారమే. పక్కనే తుంగభద్ర పారుతున్నా, దిగువ కాలువ చివరి ఊళ్లకు నీళ్లు అందడం గగనం. ఖరీఫ్ పంట ఇంటికొచ్చాక ఊళ్లో పని ఉండదు. 2011 జనాభా లెక్కల్లో అప్పటి ఉమ్మడి కర్నూలు జిల్లా అక్షరాస్యత సుమారు 60 శాతం, ఆడవాళ్లలో సగం కంటే కాస్త తక్కువ. అంటే మీ క్లాసులో చాలామందికి ఇంట్లో పుస్తకం పట్టుకుని పక్కన కూర్చునేవాళ్లు లేరు. 2024 పదో తరగతి ఫలితాల్లో రాష్ట్ర ఉత్తీర్ణత 86.69 శాతం ఉంటే కర్నూలు జిల్లా 62.47తో అట్టడుగున నిలిచింది. ఆ అంకె మార్చిలో పుట్టింది కాదు. దాని వేర్లు ఒకటో తరగతి డిసెంబరులో ఉన్నాయి.

పిల్లలు మాయమయ్యేది ఒకేసారి కాదు, మూడు విడతలుగా. ఆగస్టు నుంచి అక్టోబరు దాకా సీడ్ పత్తిలో క్రాసింగ్ పనులు ఉంటాయి. పొద్దున్నే పూలకు చేత్తో పుప్పొడి అద్దే పని కాబట్టి స్కూలు వేళకు ముందే మొదలవుతుంది, ఎక్కువగా ఆడపిల్లల్నే పిలుస్తారు. నవంబరు, డిసెంబరుల్లో ఊరి చుట్టుపక్కలే పత్తి తీత. కిలో లెక్కన కూలి కాబట్టి పదేళ్ల పిల్ల చేతులు కూడా ఇంటి లెక్కలోకొస్తాయి. ఇక అసలు సుగ్గి సంక్రాంతికి అటూఇటూగా మొదలవుతుంది. గుంటూరు, పల్నాడు, ప్రకాశం వైపు మిరపకాయల కోతకు ఇంటికి తాళం వేసి పోతారు, ఉగాది దాకా రారు. కూలీలను కుదిర్చి తీసుకెళ్లే మేస్త్రీ దగ్గర ముందే అడ్వాన్సు తీసుకుని ఉంటారు గనుక చివరి వారంలో మీరు వెళ్లి బతిమాలినా లాభం ఉండదు. మీ పని అడ్వాన్సు చేతులు మారకముందే అయిపోవాలి.

అందుకే సెప్టెంబరులోనే, దసరా సెలవుల కంటే ముందు, ఊరి వారీగా జాబితా సిద్ధం చేయండి. ఉత్త పేర్ల పట్టీ ఎందుకూ పనికిరాదు. ఒక్కో ఇంటికి ఈ వివరాలు ఉండాలి: ఏ నెలలో పోతారు, ఏ మండలంలో ఏ ఊరికి, మేస్త్రీ ఎవరు, ఇంట్లో ఎవరు మిగులుతారు, పోయేవాళ్లలో పనిచేసే రెండు ఫోన్ నంబర్లు, ఇంట్లో ఆరేళ్ల లోపు పిల్లలు ఎందరు. ఈ చివరి ప్రశ్న చాలామంది అడగరు. హైస్కూలు ఆడపిల్లలు సుగ్గికి పోయేది కాయలు కోయడానికే అనుకుంటాం. చాలా ఇళ్లలో అక్క పోయేది చెట్టు కింద తమ్ముడిని ఉయ్యాల ఊపడానికి. ఆ చంటిబిడ్డకు ఏర్పాటు చేయకుండా అక్కను స్కూల్లో ఉంచమంటే ఏ తల్లీ ఒప్పుకోదు. జేజి (నానమ్మ) ఇంట్లో ఉంటుందా, అంగన్‌వాడీలో పొద్దంతా ఉంచుకుంటారా అన్నది తేలితే సగం మంది ఆడపిల్లల సంగతి తేలినట్టే.

జాబితాతో చేయాల్సిన మొదటి పని సీజనల్ హాస్టల్ అడగడం. సమగ్ర శిక్ష అనే సర్కారు బడుల పథకం కింద, వలస పోయే తల్లిదండ్రుల పిల్లల కోసం ఊళ్లోని స్కూలు ఆవరణలోనే నడిపే తాత్కాలిక వసతి ఇది. ప్రతిపాదన హెడ్‌మాస్టరు సంతకంతో, పేరెంట్స్ కమిటీ తీర్మానం జతచేసి, ఎంఈఓ (మండల విద్యాధికారి) ద్వారా సమగ్ర శిక్ష జిల్లా కార్యాలయానికి వెళ్లాలి. ఒక నకలు మీ దగ్గర ఉంచుకుని, అందినట్టు సంతకం తీసుకోండి. ఈ హాస్టళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఆలస్యం వల్లే. మంజూరు జనవరి చివర్లో వస్తే అప్పటికి పిల్లలు గుంటూరులో ఉంటారు. అక్టోబరు మొదటి వారంలో కాగితం కదిలితే డిసెంబరుకు తలుపు తెరవొచ్చు. రెండో ఇబ్బంది ఆడపిల్లల రాత్రి బస. వాడుకోదగ్గ బాత్రూమ్, లోపల గడియపడే తలుపు, రాత్రి ఉండే ఆయా ఊరి మనిషే అయి ఉండటం... ఈ మూడూ లేకపోతే తల్లిదండ్రులు పిల్లను వదలరు, వాళ్లది తప్పూ కాదు. నవంబరులో ఒక సాయంత్రం తల్లులను పిలిచి ఆ గది చూపించండి. రాత్రిపూట పిల్లలు తమ జేజి దగ్గర పడుకుని, మూడు పూటలా తిండి, సాయంత్రం చదువు మాత్రం స్కూల్లో ఉండేలా అడిగే ఇళ్లూ ఉంటాయి. అది కూడా ఒప్పుకోదగ్గ ఏర్పాటే.

ఎంత చేసినా కొందరు వెళ్తారు. వెళ్లేవాళ్లకు టీసీ ఇచ్చి పంపకండి. ఏప్రిల్‌లో తిరిగొచ్చాక మళ్లీ చేర్చుకోవడం, ఆన్‌లైన్‌లో ఎక్కించడం పెద్ద తలనొప్పి, ఆ సందులోనే చాలామంది బడికి శాశ్వతంగా దూరమవుతారు. పేరు కొట్టేసినా అంతే. బడుల, పిల్లల వివరాలుండే ఆన్‌లైన్ రికార్డు యూడైస్ ప్లస్‌లో ఆ పిల్లాడు ఏ బడిలోనూ లేనివాళ్ల జాబితా అయిన డ్రాప్ బాక్స్‌లో పడితే ఎవరో ఒకరు వెతికి బయటికి తీసేదాకా అక్కడే ఉంటాడు. బదులుగా ఒక అట్టముక్క మీద పిల్లాడి పేరు, తరగతి, పెన్ నంబరు (యూడైస్‌లో పిల్లాడికి ఇచ్చే శాశ్వత నంబరు), మీ స్కూలు యూడైస్ కోడ్, హెడ్‌మాస్టరు ఫోన్ నంబరు, చదవడంలో లెక్కల్లో ఏ స్థాయిలో ఉన్నాడో రాసి, స్టాంపు వేసి, ప్లాస్టిక్ కవరులో పెట్టి తల్లి చేతికివ్వండి. విద్యాహక్కు చట్టం 4, 5, 14, 15 సెక్షన్ల ప్రకారం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలను వయసు ధ్రువపత్రం లేదనో, టీసీ ఆలస్యమైందనో, గడువు దాటిందనో ఏ సర్కారు బడీ వెనక్కి పంపకూడదు. అక్కడి హెడ్‌మాస్టరు కాదంటే ఫోన్‌లో ఈ సెక్షన్లు మర్యాదగా గుర్తుచేయండి, చాలాసార్లు ఆ ఒక్క ఫోనే పనిచేస్తుంది. అయితే గుడారాలు చేల మధ్య వేస్తారు, బడి రెండు మూడు కిలోమీటర్లు ఉంటుంది, తెలియని ఊళ్లో చిన్నపిల్లను ఒంటరిగా పంపరు. ఒకే చోటికి మీ ఊరి పిల్లలు పది పదిహేను మంది వెళ్తున్నారని మీ జాబితాలో తేలితేనే ఇది నిజంగా కుదురుతుంది. అప్పుడు ఆ మండలం ఎంఈఓకు ముందే జాబితా పంపి, అక్కడే పగటిపూట నడిచే నాన్ రెసిడెన్షియల్ శిక్షణ కేంద్రం పెట్టమని అడగవచ్చు.

డబ్బు విషయం తల్లిదండ్రులతో లెక్క వేసి మాట్లాడండి. తల్లికి వందనం కింద, నిర్వహణ కోత పోను, పిల్లకు ₹13,000 తల్లి ఖాతాలో పడుతుంది. 75 శాతం హాజరు ఉండాలి. ఏడాదికి 220 పనిదినాలు అనుకుంటే 165 రోజులు రావాలి, అంటే 55 రోజులకు మించి మానకూడదు. డిసెంబరు నుంచి మార్చి దాకా పోయిన పిల్లకు దాదాపు 90 రోజులు పోతాయి, హాజరు 60 శాతం దగ్గర ఆగుతుంది. ఈ లెక్క నల్లబల్ల మీద వేసి చూపిస్తే అర్థం కాని తల్లి ఉండదు. బెదిరింపుగా మాత్రం చెప్పొద్దు. అప్పు తీర్చడానికి పోయే ఇంటికి వచ్చే జూన్‌లో పడే డబ్బు ఈ జనవరి వడ్డీని ఆపదు. ఇద్దరు పిల్లలుంటే ఒకరినైనా, పోయే నెలల్లో రెండు నెలలైనా అని బేరం చేసుకోండి. సంక్రాంతికి కాకుండా ఫిబ్రవరిలో పోయినా చదువుకు చాలా తేడా వస్తుంది.

ఇక క్లాసులో పని. జూన్ 12న స్కూలు తెరిచిన మొదటి వారంలోనే ప్రతి పిల్లనూ విడిగా కూర్చోబెట్టి చదివించండి. ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు చాలు. 58 మందికి ఐదు గంటలు, ఇద్దరు టీచర్లు పంచుకుంటే రెండు రోజుల్లో అయిపోతుంది. పాఠ్యపుస్తకం వాడొద్దు, ఎందుకంటే చాలామంది పాఠం కంఠతా పట్టి బొమ్మ చూసి అప్పజెప్పేస్తారు, చదువుతున్నారని మనం మోసపోతాం. మీరే ఒక తెల్ల కాగితం మీద పది అక్షరాలు, పది చిన్న పదాలు, నాలుగు వాక్యాల పేరా, పది వాక్యాల కథ రాసుకోండి. ఎక్కడ ఆగితే అదే వాళ్ల స్థాయి. లెక్కల్లో 1 నుంచి 9, 10 నుంచి 99 అంకెలు గుర్తించడం, అప్పు తెచ్చే తీసివేత, మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించడం అడగండి.

తప్పు ఎలా చేస్తున్నారో కూడా రాసుకోండి, వైద్యం అందులోనే ఉంటుంది. 'ఆవు' చూపిస్తే 'ఆమ' అంటే ఆ పిల్లకు వు, మ ఒకేలా కనిపిస్తున్నాయి, అక్షరాలు రాక కాదు. 'పుస్తకం' చూసి 'పు, స, త, కం' అని విడివిడిగా పలికితే ఒత్తు అంటే ఏమిటో ఎవరూ చెప్పలేదని అర్థం. 52లోంచి 17 తీసేయమంటే 45 అని రాసిన పిల్లాడు చిన్న అంకెను పెద్ద అంకెలోంచి తీసేస్తున్నాడు. వాడికి ఇంకో యాభై లెక్కలిస్తే అదే తప్పు యాభై సార్లు గట్టిపడుతుంది. చీపురు పుల్లలు పదేసి కట్టి రబ్బరు బ్యాండు వేసి, ఐదు కట్టలు రెండు విడి పుల్లలు చేతికిచ్చి పదిహేడు తీసి ఇవ్వమనండి. ఏడు ఇవ్వడానికి కట్ట విప్పక తప్పదు. ఆ విప్పడమే అప్పు తెచ్చుకోవడం. మూడు రోజులు చేతులతో చేశాక కాగితం మీదకు రండి.

హొళగుంద, కౌతాళం, హాలహర్వి వైపు కన్నడ ఇళ్ల పిల్లలకు ఇంకో అడ్డు ఉంటుంది. వాళ్లకు కొన్ని పదాలు తెలియక ఆగుతారు, చదవడం రాక కాదు. హాలు పాలు, హులి పులి, హావు పాము, హల్లు పన్ను లాంటి కన్నడ, తెలుగు జంటలు ఓ ఇరవై గోడ మీద రాసి పెడితే మొదటి వారంలోనే బెరుకు తగ్గుతుంది. కథ ముందు కన్నడలో చెప్పనివ్వండి, తర్వాత తెలుగులో చదివించండి.

6, 7, 8 తరగతులను కలిపి, తరగతి చూడకుండా స్థాయిని బట్టి గుంపులు చేయండి. గుంపుకు 15 నుంచి 20 మంది. రోజూ మొదటి 90 నిమిషాలు, వారానికి ఐదు రోజులు, పది వారాలు, మొత్తం 75 గంటలు. ఇది సుగ్గికి ముందే, ఆగస్టు ఆఖరుకు అయిపోవాలి. రోజుకు అరగంట గుణింతాల చార్టు, అందరూ కలిసి ఒకసారి, తర్వాత ఒక్కొక్కరు. ఇరవై నిమిషాలు పదాల ఆట. పావుగంట టీచరు వేలు పెట్టి చదివే పేరా. మిగిలిన సమయం పిల్లలు చెప్పిన వాక్యాన్నే రాయించడం: 'మా నాయన ఎద్దులు తోలుకొని పోయినాడు' అని వాళ్ల మాటలోనే. తమ నోటి మాట కాగితం మీద కనిపిస్తే దాన్ని చదవడానికి భయపడరు. పాఠ్యపుస్తకాలు ఒక పేజీ తెలుగు, ఒక పేజీ ఇంగ్లిషు కాబట్టి, తెలుగు పేజీ పట్టుబడ్డాకే ఇంగ్లిషు వైపు తిరగండి. రెండూ ఒకేసారి నెత్తిన పెడితే రెండూ జారిపోతాయి.

ఇది చెడిపోయే దారులు నాకు తెలిసినంతలో మూడు. ఒకటి, గుంపుల్లోంచి పైకి జరపకపోవడం: ప్రతి రెండు వారాలకు మళ్లీ ఐదు నిమిషాలు చదివించి ముందుకెళ్లినవాళ్లను పై గుంపుకు పంపాలి. పంపకపోతే అట్టడుగు గుంపు అవమానంగా మారి ఎనిమిదో తరగతి మగపిల్లలు రావడం మానేస్తారు. రెండు, అందరికంటే అనుభవం తక్కువున్నవారికి కింది గుంపు అప్పజెప్పడం. స్కూల్లో బాగా చదివించగల టీచరే ఆ గుంపు తీసుకోవాలి. మూడు, ఆ 90 నిమిషాల్లో టీచర్లు ఫోన్‌లో యాప్‌లు నింపుతూ కూర్చోవడం. జనాభా లెక్కలు, ఎన్నికలు, విపత్తు సాయం తప్ప ఇతర పనులకు టీచర్లను వాడకూడదని చట్టం 27వ సెక్షన్‌లో ఉంది. ఫోటోలు, హాజరు అప్‌లోడ్ పనులను ఒక్క టీచరుకు వంతుల వారీగా అప్పగిస్తే మిగతావాళ్లు క్లాసులో ఉండగలరు.

ఆడపిల్లల్లో సుగ్గికి పోవడం ఖాయమని సెప్టెంబరులోనే తేలినవాళ్లకు, ముఖ్యంగా తల్లి లేని పిల్లలకు, హాస్టల్‌తో కూడిన సర్కారు ఆడపిల్లల బడి కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయమే గట్టి రక్షణ. ఆరో తరగతిలో 40 సీట్లే ఉంటాయి కాబట్టి ఐదో తరగతి చదువుతున్నప్పుడే ఆధార్, కులం, ఆదాయం పత్రాలు సిద్ధం చేయించాలి. దరఖాస్తులు పిలిచే నెలల్లో తల్లిదండ్రులు సుగ్గిలోనే ఉంటారు గనుక ప్రైమరీ స్కూలు టీచరే ఆన్‌లైన్‌లో వేయాలి. పదో తరగతి కాకుండానే పెళ్లి మాట వినిపిస్తే చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి, మీ పేరు చెప్పనక్కర్లేదు.

పదో తరగతి గురించి. చదవడం రాని పిల్లకు అక్టోబరులో స్టడీ మెటీరియల్ ఇచ్చి బట్టీ పట్టిస్తే, పరీక్ష హాల్లో ప్రశ్నే చదవలేక నేర్చిన జవాబు ఎక్కడ రాయాలో తెలియదు. అందుకే పదిలో కూడా జూన్, జూలై నెలల్లో రోజూ ఒక గంట చదివించడానికే ఇవ్వండి. సోషల్, జీవశాస్త్రం పాఠాలనే చదివిస్తే సిలబస్ కూడా నడుస్తుంది. పాస్ కావడానికి హిందీలో 20, మిగతా వాటిలో 35 మార్కులు కావాలి. లెక్కల్లో గ్రాఫు, సాంఖ్యక శాస్త్రం పట్టికలు, సైన్సులో పటాలు, సోషల్‌లో మ్యాపు... వీటిని చేత్తో పదేపదే చేయించండి, మాటల కంటే చేతికి త్వరగా వస్తాయి. సుగ్గికి పోయే ఇంట్లో ఒక్క ఏడాది పిల్లను వదలమని అడగగలిగితే అది ఈ ఏడాదే అడగండి. పరీక్ష ఫీజు ₹125 కట్టారా, నామినల్ రోల్‌లో (పరీక్ష రాసేవాళ్ల జాబితాలో) పేరు ఆధార్‌తో సరిపోయిందా అన్నది కుటుంబం ఊళ్లో ఉండగానే తేల్చుకోండి. తప్పినవాళ్ల విషయంలో జరిగే నష్టం ఇంకా పెద్దది. ఫలితాలు ఏప్రిల్ చివర్లో వస్తాయి, మేలో సప్లిమెంటరీ ఉంటుంది, మధ్యలో ఫీజు కట్టే గడువు కొద్ది రోజులే. స్కూలుకు సెలవులు, ఎవరూ ఫోన్ చేయరు, ఒక్క సబ్జెక్టు పోయిన పిల్ల ఏడాదంతా కోల్పోయి పెళ్లిపీటల మీద కూర్చుంటుంది. ఫలితాలొచ్చిన రోజే తప్పినవాళ్ల ఇళ్లకు ఫోన్ చేసి ఫీజు కట్టించే బాధ్యత ఒక టీచరు పేరున రాసిపెట్టుకోండి.

ఉగాదికి తిరిగొచ్చే పిల్లలను వార్షిక పరీక్ష రాయించి వదిలేయకండి. వేసవి సెలవులకు ముందు దొరికే ఆ రెండు మూడు వారాలు రోజూ ఉదయం మొత్తం పాత గుంపుల్లోనే కూర్చోబెట్టి, జూన్‌లో వేసిన కాగితంతోనే మళ్లీ చదివించి చూడండి. చాలామంది ఒక మెట్టు కిందికి దిగి ఉంటారు, అది సహజం. ఆ స్థాయిని ఎర్ర సిరాతో హాజరు పట్టీ చివరి పేజీలో పిల్ల పేరు ఎదురుగా రాసి, హెడ్‌మాస్టరు సంతకం పెట్టించండి. వేసవిలో బదిలీలు జరుగుతాయి. జూన్‌లో మీ స్థానంలోకి వేరే టీచరు వస్తే, వాళ్ల చేతికి వెళ్లేది ఆ పేజీ ఒక్కటే.